పద్నాలుగో కొక్కెం ఒప్పుకున్న మాటలు

ఆగస్టు 19

ఈ రోజు నుంచి ఎనిమిదో తరగతికి స్థితి పీరియడ్ నేను తీసుకుంటున్నాను. ఈ పీరియడ్ చెప్పేవాళ్ళు జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాయాలని బడి నియమం. మొన్న వేసవి వరకు నా భార్య ఇందుమతి చెప్పేది. ఆమె రాసిన పుస్తకాలు బీరువాలో వరసగా ఉన్నాయి. నేను కొత్తది తీసుకున్నాను.

నా పని కొక్కేల మరమ్మతు. చదువు మెకానికల్. పిల్లలకు చెప్పిన అనుభవం లేదు. ఆ మాట సంఘం కార్యదర్శి దమయంతి గారితో అన్నాను. "కొక్కెం గురించి మీకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు వల్లభరావు గారూ? అదే చెప్పండి, చాలు" అన్నారు.

ఇరవై మూడు మంది పిల్లలు. బల్ల మీద నమూనా కొక్కెం పెట్టాను. మా ఊరు సముద్రం మీద తేలే పంటుల వరస; పంటుకూ పంటుకూ మధ్య వాటిని కలిపి ఉంచే అసలు కొక్కెంలో ఇది పదో వంతు ఉంటుంది. పనిచేసే తీరు ఒకటే. అటొకరు, ఇటొకరు నిలబడి తమ స్థితి ఎదుటివాళ్ళకు చెప్పాలి. చెప్పిన మాటకూ చెప్పిన గొంతుకూ పొంతన కుదిరితే ఆ వైపు బల్బు పచ్చగా వెలుగుతుంది. రెండూ వెలిగితేనే మీట కదులుతుంది.

ఎందుకు ఇలా చేశారో పిల్లలకు తెలుసు. అయినా మళ్ళీ చెప్పాను. ఇరవై ఆరేళ్ళ కిందట తుఫానులో తొమ్మిదో కొక్కెం దగ్గర కాపలా ఉన్నాయన పద్దెనిమిది గంటలు మీట వదల్లేదు. మార్చడానికి వచ్చినవాణ్ణి "నేను బాగానే ఉన్నా, నువ్వెళ్ళి పడుకో" అని వెనక్కి పంపాడు. గంటకల్లా మీట మీదే నిద్రపోయాడు. నాలుగు పంటులు ఊరి నుంచి విడిపోయాయి. పదకొండు మంది పోయారు. కొక్కేలకు వినడం నేర్పింది ఆ తరవాతే.

మొదటి పిల్ల వచ్చి నిలబడి గడగడా చెప్పింది. "నాకు కొంచెం భయంగా ఉంది, అయినా నా బాధ్యత నాకు తెలుసు."

బల్బు వెలగలేదు. రెండో పిల్లాడు వచ్చాడు. అదే వాక్యం. మూడో వాడూ అదే. ఇరవై మూడు మందీ అదే వాక్యం చెప్పారు. ఒక్కరికీ వెలగలేదు.

"ఇది మీకు ఎవరు నేర్పారు?" అన్నాను.

చివరి బెంచీలోంచి గాబ్రియేలు అనే పిల్లాడు లేచాడు. "పేరిశెట్టి మాస్టారి ట్యూషనండి. 'కొక్కెం గ్యారంటీ' అని బోర్డు కూడా ఉందండి."

"మరి వెలగలేదుగా?"

"మా అక్కకి వెలిగిందండి. అప్పటికింకా కొత్త వాక్యమండి."

ఒక పిల్ల బల్బు మాడిపోయిందేమో చూడమంది. విప్పి చూశాను. బాగానే ఉంది.


ఆగస్టు 22

పిల్లలు అనుకునేది ఏమిటంటే, కొక్కేనికి మంచివాళ్ళు కావాలి, ధైర్యవంతులు కావాలి. వాళ్ళ పెద్దవాళ్ళు అనుకునేదీ అదే. దానికి అవేమీ అక్కర్లేదని చెప్పాను. భయపడేవాణ్ణి అది ఒప్పుకుంటుంది, విసుక్కునేవాణ్ణీ ఒప్పుకుంటుంది. ఎదుటివాళ్ళకు తన సంగతి తెలియనివ్వనివాణ్ణి మాత్రం ఒప్పుకోదు.

ఎవరికీ ఎక్కలేదు. పీరియడ్ అయిపోవస్తుండగా గాబ్రియేలు నిలబడి ఊరుకున్నాడు. "ఏమిటి నీ స్థితి?" అని రెండుసార్లు అడిగాను.

"ఆకలేస్తందండి. ఈయన ఎప్పుడు వదుల్తాడా అని ఉందండి."

బల్బు వెలిగింది. తరగతి మొత్తం ఒకటే నవ్వు. వెంటనే తక్కినవాళ్ళు ఎగబడ్డారు. నాకూ ఆకలి, నాకూ ఆకలి. మొదటి ఇద్దరికి వెలిగింది. మూడోవాడు ఇంటర్వెల్లో రెండు ఉడకబెట్టిన కోడిగుడ్లు తిన్నాడట. వాడికి వెలగలేదు. "దీనికి గుడ్ల సంగతెలా తెలిసిందిరా!" అని వాడు హడలిపోయాడు.

నీళ్ళ పంటు వాళ్ళు ఇవాళ కూడా మా ఇంటికి రెండు క్యాన్లు వేసి వెళ్ళారు. జాబితాలో ఇంకా ఇద్దరమే ఉన్నాం. ఒకటి పక్క పంటుకు ఇచ్చాను.


ఆగస్టు 27

పక్క పంటు ఊరికి ఆఖరిది. దాని తరవాత సముద్రమే. అందులో పైడమ్మ ఉంటుంది. వాళ్ళ అత్త బంగారమ్మ, కూతురు నూకరత్నం. పైడమ్మ భర్త నడిసముద్రంలో గాలిమరల దగ్గర పని. మార్చి దాకా రాడు. రత్నం నా తరగతిలోనే చదువుతోంది. ఇప్పటికి నాలుగుసార్లు నిలబడింది. నాలుగుసార్లూ వెలగలేదు.

వాళ్ళ పంటునూ మా పంటునూ కలిపేది పద్నాలుగో కొక్కెం. మామూలు కాలంలో రోజూ పొద్దున ఒకసారి గొలుసు సవరించుకుంటే చాలు. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు. అటు పైడమ్మ, ఇటు నేను.

ఇక్కడ ఒక విషయం రాయాలి. జూన్ ఎనిమిది నుంచి కొక్కెం నన్ను ఒప్పుకోవడం లేదు. మరమ్మతు చేసేవాడిని కాబట్టి నా దగ్గర సర్వీసు తాళం ఉంటుంది. దాన్ని తిప్పితే మాటతో పని లేకుండా మీట కదులుతుంది. ఎనభై రోజులైంది, రోజూ దానితోనే నడుపుతున్నాను. నేను తాళం తీసేటప్పుడు పైడమ్మ సముద్రం వైపు తిరిగి చెంగుతో మొహం తుడుచుకుంటుంది. ఏమీ అనదు. పాపం అనుకుంటుంది కాబోలు.


సెప్టెంబరు 3

సంఘం నోటీసు వచ్చింది. తుఫాను కాలంలో కొక్కెం దగ్గర మనిషి ఎప్పుడూ ఉండాలి. అలకు గొలుసు వదలాలి, అల దిగాక బిగించాలి. మనిషికి ఎనిమిది గంటల చొప్పున, కొక్కేనికి అటూ ఇటూ ఉన్న పంటుల వాళ్ళలో ముగ్గురు కావాలి; కాపలా మారేటప్పుడు ఇద్దరికీ వెలగాలి. పోయినేడు పద్నాలుగో కొక్కేనికి నలుగురం ఉన్నాం. ఇందుమతి లేదు. బంగారమ్మకు డెబ్బై నిండాయి, నియమం ప్రకారం తప్పుకుంది. మిగిలింది పైడమ్మ, నేను. అక్టోబరు పదిన పరీక్ష. ఆలోగా మూడో మనిషి కుదరకపోతే చివరి పంటును విప్పి గట్టు శిబిరానికి లాక్కుపోతారు. అంటే పైడమ్మ వాళ్ళది.

పొద్దున గొలుసు దగ్గర పైడమ్మ నోటీసు నా చేతికిచ్చింది. "మాస్టారండీ, మా పిల్ల వల్ల అవుద్దా?"

"అవుతుంది."

"ఆ శిబిరంలో పోయినేడు మా తోటికోడలు వాళ్ళు నాలుగు నెల్లు ఉన్నారండి. రేకుల కింద, పది కుటుంబాలకి ఒక పొయ్యి. తిరిగొచ్చేసరికి వీళ్ళ చోట్లో వేరే పంటు తగిలించేశారు. మాది కట్టింది మా మావగారండి, ఒక్కో చెక్కా ఆయన చేత్తో. పోతే ఇంక మాకు చోటు దొరకదు."

పైడమ్మ వెనక రత్నం పంటు అంచున పరిగెడుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకు, తిరిగి ఈ చివరకు.

"పడిపోతావే ముదనష్టందానా!" అని లోపలి నుంచి బంగారమ్మ కేక వేసింది. "నీ కాళ్ళిరగ్గొట్టి పొయ్యిలో పెడతాను!"

"పొయ్యి తడిసిపోయింది నాయనమ్మా, కాళ్ళు కాలవు" అంది రత్నం, ఆగకుండానే.


సెప్టెంబరు 9

ఈ వారం వినడం గురించి. ఇద్దరిద్దర్ని నిలబెట్టాను. ఒకరు తమ స్థితి చెప్పాలి. రెండోవాళ్ళు జవాబు చెప్పాలి.

ఒక పిల్ల "మా తమ్ముడికి జ్వరం తగ్గట్లేదు, నాకు బెంగగా ఉంది" అంది. బల్బు వెలిగింది. ఎదురుగా ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని "ఏం కాదులే" అంది. రెండో బల్బు వెలగలేదు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "మంచి మాటేగా మాస్టారూ నేనన్నది?"

మంచి మాటే. కానీ ఏం కాదని ఆ పిల్లకు తెలియదు. తెలియదని దాని గొంతుకు తెలుసు.

ఆ పీరియడ్‌లో "ఏం కాదులే" ఎన్నిసార్లు వచ్చిందో బోర్డు మీద గీతలు పెట్టాను. ముప్ఫై ఒకటి. "పర్లేదులే" పద్నాలుగు. ఒకడు తనకు కడుపునొప్పని చెబితే ఎదుటివాడు "మాకూ వస్తుందిలేరా" అన్నాడు. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో తెలియక వదిలేశాను.

ఆ తరవాత ఒక నియమం పెట్టాను. ఎదుటివాళ్ళు చెప్పింది ముందు తిరిగి చెప్పాలి. ఓదార్చకూడదు, సలహా ఇవ్వకూడదు. "నీకు బెంగగా ఉంది." అంతే. పిల్లలకు ఇది చాలా తమాషాగా ఉంది. పీరియడ్ అయ్యాక కూడా వరండాలో ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటున్నారు. "నీకు నా పెన్సిల్ కావాలని ఉంది." "నీకు ఇవ్వకూడదని ఉంది."

నేను నవ్వాను. గదిలో ఎవరూ లేరు.


సెప్టెంబరు 17

రత్నానికి సాయంత్రం విడిగా చెబుతున్నాను. మూడు రోజులైంది. దాని దగ్గర వాక్యాలకు లోటు లేదు. భయంగా ఉంది. సిగ్గుగా ఉంది. అలసటగా ఉంది. మా నాన్న గుర్తొస్తున్నాడు. ఒక్కదానికీ వెలగలేదు. చివరి దానికి వెలుగుతుందనుకున్నాను.

"ఇంకేదో ఉంది" అన్నాను.

"ఏం లేదండి."

"ఉన్నదేదో చెప్పు. నేను ఎవరికీ చెప్పను."

"మీరెవరికీ చెప్పరు. మీరు కొక్కేనికే చెప్పరు కదండి."

నేను బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

"రోజూ చూస్తాను మాస్టారూ, మా కిటికీలోంచి. మీకు తాళం ఉంది. మాకు లేదు." అది సంచీ తీసుకుంది. "అమ్మ అడగొద్దంది. ఆయన మనసు బాగోలేదు, అడిగితే బాధపడతారు అంది. నేను అడగట్లేదండి. ఉన్నదే చెప్పాను."

అది వెళ్ళాక నమూనా కొక్కెం ఇంకా ఆన్‌లోనే ఉందని చూశాను. రత్నం నిలబడ్డ వైపు బల్బు వెలిగి ఉంది.


సెప్టెంబరు 18

దమయంతి గారి ఆఫీసుకు వెళ్ళి సర్వీసు తాళం బల్ల మీద పెట్టాను. జూన్ ఎనిమిది నుంచి జరిగింది చెప్పాను. ఆవిడ దాని మీద ఒక ఫైలు కప్పారు.

"నేను ఈ మాట వినలేదనుకోండి వల్లభరావు గారూ. మీ పరిస్థితి మాకు తెలియంది కాదు. ఎవరేమంటారు?"

"వినండి" అన్నాను. "తుఫానులో తాళం పనికిరాదు. గొలుసు బిగువెక్కితే తాళపు కన్నం దానికదే మూసుకుపోతుంది. అప్పుడు పద్నాలుగో కొక్కెం దగ్గర నేను ఉండీ లేనట్టే. పైడమ్మ వాళ్ళు నన్ను నమ్ముకుని అక్కడ ఉన్నారు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే పద్నాలుగుకి ఇప్పుడున్నది ఒక్క మనిషే."

"అవును."

"పదో తారీకున మీరు కూడా పరీక్షకు నిలబడాలి. పిల్లతో పాటు. ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలు. మీ ఇద్దరిలో ఎవరికి వెలగకపోయినా ఆ పంటు విప్పెయ్యాలి. నా చేతుల్లో ఏమీ ఉండదు."

"తెలుసు."

వచ్చేటప్పుడు నీళ్ళ విభాగం దగ్గర ఆగి, ఇంటికి ఒక క్యాను చాలని చెప్పాను. గుమాస్తా ఎందుకని అడిగాడు. చెప్పాను. జాబితాలో పేరు కొట్టేశాడు.


సెప్టెంబరు 19

పొద్దున పైడమ్మకు సంగతి చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను.

"నాకు తెలుసు కదండి" అంది. "రోజూ చూస్తూనే ఉన్నాను."

"మరి ఒక్కరోజూ అడగలేదేం?"

"ఎలా అడగనండి! ఆవిడ పోయిన ఇంట్లో మనిషిని పట్టుకుని, మీరు అబద్ధం చెప్తన్నారండీ అని?" పైడమ్మ గొలుసు మీద నాచు గీకుతోంది. చేతులు ఆగలేదు. "అయినా మీరు ఒక్కసారి నిజం చెప్పి చూడండి. ఏముంది, బాధగా ఉందనండి."

అన్నాను. బాధగా ఉంది, అయినా నా పని నేను చేసుకోగలను. వెలగలేదు.

పైడమ్మ బల్బు వైపు, నా వైపు చూసింది. "ఇదేటండీ, ఇంకా ఏం కావాలి దీనికి!" అని కొక్కేన్ని కాలితో తన్నింది.

తాళం లేదు కాబట్టి గొలుసు సవరించడానికి రెండో వరస నుంచి మనుషుల్ని పిలిపించాల్సి వచ్చింది. ఇక రోజూ ఇదే. ఊరందరికీ తెలుస్తుంది.


సెప్టెంబరు 26

ఊరందరికీ తెలిసింది. పేరిశెట్టి గారు వంతెన మీద కలిశారు. మర్యాదస్తుడు. "మాస్టారూ, మీబోటి వాళ్ళకి నా దగ్గర వేరే వాక్యాలున్నాయి. పెద్దవాళ్ళ బ్యాచ్. మొహమాటం వద్దు" అన్నారు. వద్దన్నాను. "పిల్లల్ని మీరు చెడగొడుతున్నారని నాకు కోపంగా ఉంది" అని కూడా అన్నాను. ఆయన "ఏం కాదులెండి" అంటూ నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

తరగతిలో ఈ సంగతి ఎత్తడానికి ఎవరూ వెనకాడలేదు. గాబ్రియేలు నిలబడి, "మాస్టారూ, మీరు కూడా ఫెయిలంట కదండీ" అన్నాడు.

"అవును."

"మీకెలా ఉందండి?"

"చెప్పడం రావట్లేదు."

వాడు నియమం ప్రకారం చేతులు కట్టుకుని, "మీకు చెప్పడం రావట్లేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తరవాత మామూలుగా పాఠం జరిగింది. తరగతి బాగా నడిచింది. పన్నెండు మందికి వెలుగుతోంది ఇప్పుడు.


అక్టోబరు 8

పందొమ్మిది మందికి వెలుగుతోంది. రత్నానికి ఆ ఒక్కసారి తప్ప లేదు. నాకూ లేదు.

బంగారమ్మ సామాన్లు మూటలు కడుతోంది. పైడమ్మ విప్పుతోంది. రోజంతా అదే జరుగుతోంది. "పెట్టె సర్దడానికి నేను పదో తారీకు దాకా ఆగాలా? నా ఓపికంతా ఇవాళే ఉంది" అని అత్త, "ఓపికుంటే అన్నం వండు" అని కోడలు. రత్నం వాళ్ళిద్దరి మధ్యా ఏమీ పట్టనట్టు కూర్చుని ఉంది. మూటలు కట్టినప్పుడల్లా అది తలెత్తి చూస్తోంది.


అక్టోబరు 10

పరీక్ష పద్నాలుగో కొక్కెం దగ్గరే పెట్టారు. దమయంతి గారు రిజిస్టరు పట్టుకుని మా పంటు మీద కూర్చున్నారు. తరగతి పిల్లలందరూ వచ్చారు. రానివ్వకూడదని నియమం ఏమీ లేదు. అటు రత్నం. దాని వెనక పైడమ్మ, స్టూలు మీద బంగారమ్మ. ఇటు నేను.

ముందు రత్నం. "నాకు భయంగా ఉంది" అంది. వెలగలేదు.

"మాస్టారి మీద జాలిగా ఉంది." వెలగలేదు.

దమయంతి గారు పెన్ను పట్టుకుని ఆగారు. "ఇంకొక్కటే అమ్మా."

పిల్ల తన కాళ్ళ వైపు చూసుకుంది. తరవాత వెనక్కి తిరిగి తల్లిని చూసింది. మళ్ళీ నా వైపు తిరిగింది. ఈసారి చెప్పేటప్పుడు గొంతు పెద్దది చేసింది.

"ఇది నన్ను ఒప్పుకోకూడదని రోజూ మొక్కుకుంటన్నానండి. నాకు గట్టుకి పోవాలని ఉంది. అక్కడైతే ఆగకుండా పరిగెత్తొచ్చు. ఇక్కడ నలభై అడుగులేస్తే నీళ్ళు. అమ్మకి చెప్తే ఏడుస్తాదని చెప్పలేదు. తాత కట్టిన పంటు అంటాది. నాకూ తెలుసు. అయినా పోవాలని ఉంది."

బల్బు వెలిగింది.

తనను ఒప్పుకోవద్దని మొక్కుకున్న పిల్లను కొక్కెం ఆ మాటకే ఒప్పుకుంది. అది రత్నానికి కూడా ఒక్క క్షణం తరవాత అర్థమైంది. నోరు తెరిచి బల్బు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏ దేవుడికి మొక్కావే?" అంది బంగారమ్మ. "ఆ దేవుడితో నాకు పనుంది."

పైడమ్మ ఏడవలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

తరవాత నా వంతు. "ఇందుమతి పోయాక బాధగా ఉంది. అయినా నా పని నేను చేసుకోగలను." వెలగలేదు.

"నిద్ర చాలడం లేదు." అది నిజమే అనుకున్నాను. వెలగలేదు. నిద్ర సరిపోతోందని అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబరు నుంచి బాగానే నిద్రపోతున్నాను.

పిల్లల్లో ఎవడో "ఏం కా..." అనబోయాడు. గాబ్రియేలు వాడి నోరు మూశాడు.

రత్నం అవతలి నుంచి, నాకు మాత్రమే వినపడేలా అంది. "మాస్టారూ, మీరు మొదట చెప్పింది ట్యూషన్ వాక్యంలా ఉందండి."

నిజమే. ఆ వాక్యం నాకు జూన్‌లో తయారైంది. అందరికీ అదే చెబుతూ వచ్చాను. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. అంతకన్నా ఎవరూ అడగరు. నాకు ఏమనిపిస్తోందో నేను మళ్ళీ చూసుకోలేదు.

ఎవరి వైపూ చూడకుండా, రత్నానికి చెప్పాను.

"మంగళవారం, శుక్రవారం క్లాసు ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున్నే మెలకువ వస్తుంది. ఆకలి వేస్తుంది. మీరు చేసే గోల ఇంటికెళ్ళాక గుర్తు చేసుకుని నవ్వుతాను. అది ఆమె క్లాసు. ఆమె లేదు. అయినా నాకు బాగుంది. బాగున్నానని ఎవరితోనైనా అనాలంటే సిగ్గుగా ఉంది."

రత్నం నన్నే చూస్తూ, పాఠంలో నేర్పినట్టు, "మీకు బాగుంది. అలా అనాలంటే సిగ్గుగా ఉంది" అంది.

నా వైపు బల్బు వెలిగింది. మీట వదులైన చప్పుడు అందరికీ వినిపించింది. దమయంతి గారు రిజిస్టరులో రెండు పేర్లూ రాసి, నాచేత సంతకం పెట్టించారు.


అక్టోబరు 11

పొద్దున గొలుసు దగ్గరికి పైడమ్మ వచ్చింది. నేను అడగకముందే చెప్పింది.

"నాకు కోపంగా ఉందండి మాస్టారూ. దాని మీద కాదు. పదమూడేళ్ళ పిల్ల నాతో చెప్పుకోలేక, పరాయి మనుషుల ముందు, ఇనప ముక్కకి చెప్పుకోవాల్సొచ్చింది. అలా చేశానే అని నా మీద నాకే."

బల్బు వెంటనే వెలిగింది. "ఏం కాదులే" అనే మాట నా నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"మీ మీద మీకే కోపంగా ఉంది" అన్నాను.

"ఉండదేటండి మరి!" అంది పైడమ్మ. ఈసారి ఏడ్చింది. ఏడుస్తూనే తన వైపు గొలుసు సవరించింది.

మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు పంటు అంచున కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. వినకూడదని లోపలికి వెళ్ళాను. సాయంత్రం రత్నమే వచ్చి చెప్పింది. మార్చిలో నాన్న రాగానే దాన్ని గట్టు బడిలో చేర్పిస్తారు. మేనత్త ఇంట్లో ఉంటుంది. అప్పటిదాకా కొక్కెం దగ్గర మూడో మనిషి అదే.

"నీకెలా ఉంది?" అన్నాను.

"మార్చి దూరంగా ఉందండి" అంది.


నవంబరు 7

రాత్రంతా తుఫాను. పది నుంచి ఆరు దాకా నా కాపలా. ఆరింటికి రత్నానికి మీట అప్పగించాను. దానికి ఇదే మొదటి పెద్ద గాలి. "భయంగా ఉందండి. కొంచెం సరదాగా కూడా ఉంది" అంది. వెలిగింది. మధ్యాహ్నం రెండింటి దాకా అది, తరవాత పైడమ్మ. నేను వెళ్ళి తడి బట్టలు మార్చుకుని పడుకునేసరికి ఎనిమిదైంది.

పదింటికి కొక్కెం దగ్గర నుంచి సాయం అడిగే ఈల వినిపించింది. లేచి పరిగెత్తాను. వాన పలచబడింది, వెలుతురు ఉంది, అలలు మాత్రం అలాగే ఉన్నాయి. రత్నం రెండు చేతులతో మీట పట్టుకుని, ఒక కాలు దిమ్మకు తన్ని పెట్టి నిలబడి ఉంది. అల ఎక్కినప్పుడు వదులుతోంది, దిగినప్పుడు బిగిస్తోంది. ఎక్కడా తప్పు లేదు.

"మాస్టారూ, చేతులు లాగేస్తన్నాయండి. ఇంకో నాలుగ్గంటలు నా వల్ల కాదు. అవుద్దని గంట నుంచి అనుకుంటా ఉన్నాను. అవదు."

దాని వైపు బల్బు వెలిగింది.

నేను నా వైపు మీట మీద చెయ్యి వేశాను. "రెండు గంటలే పడుకున్నాను. చిరాగ్గా ఉంది. నువ్వు ఈల వేసినందుకు సంతోషంగా ఉంది."

వెలిగింది. బరువు నా చేతుల్లోకి వచ్చింది. అల ఎక్కింది, వదిలాను. దిగింది, బిగించాను. పద్నాలుగో కొక్కేనికి ఆవల ఆ పంటు ఒక్కసారి పైకి లేచి మళ్ళీ దాని చోట్లోకి వచ్చింది. కిటికీలోంచి బంగారమ్మ తల కనిపించింది, ఎవర్నో తిడుతోంది. గాలిలో మాటలు అందలేదు.

రత్నం వెళ్ళకుండా నిలబడింది. అరచేతులు చంకల్లో పెట్టుకుంది.

"మీరెంతసేపు పట్టగలరండి?"

మూడు గంటలనబోయాను.

"రెండు" అన్నాను.

"రెండింటి దాకానా, రెండు గంటలా?"

"రెండు గంటలే."

"అయితే పన్నెండింటికి అమ్మని లేపుతానండి" అని లోపలికి వెళ్ళింది.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా పైడమ్మ వచ్చింది, జుట్టు ముడేసుకుంటూ. అప్పటికి నా వేళ్ళు తిమ్మిరెక్కి మీట పట్టుకున్నట్టే తెలియడం లేదు. ఆవిడకు ఆ మాటే చెప్పాను.